నదికి ఒప్పందం ఉంది, నేలకింది నీటికి లేదు

పోయిన నెల టెక్సాస్‌లోని ప్లేనోలో మా స్నేహితుల ఇంట్లో భోజనాలయ్యాక వాళ్ళ అమ్మాయి హాసిని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. భూగర్భ జలాల మీద మాస్టర్స్ పూర్తిచేసి, మెక్సికో సరిహద్దు దగ్గర ఒక నీటి శాఖలో ఉద్యోగంలో చేరబోతోంది. "ఆంటీ, మీరు లైఫ్ అంతా అదే వర్క్ చేశారు కదా. రియల్‌గా ఏం చేస్తారు అక్కడ, డైలీ?" అని అడిగింది. ఎండకి టోపీ పెట్టుకో, స్పానిష్ బాగా నేర్చుకో అని రెండు ముక్కలు చెప్పి లేచి వచ్చేశాను. కారులో ఇంటికి వస్తున్నంతసేపూ సిగ్గుగా అనిపించింది. ఆ పిల్లకి చెప్పాల్సింది అది కాదు.

అందుకే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. ఎవరికీ పనికిరావు. ఒక బావి గురించి రాస్తాను. అది నేను వేసిన బావి కాదు, అమెరికాలో ఉన్న బావి కూడా కాదు. నేను పనిచేసిన ఆఫీసు పేరు చెప్పను. ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చాను. మిగిలిందంతా జరిగినట్టే రాశాను.

పని ఏమిటంటే

టెక్సాస్ పశ్చిమ కొసన నది ఇటుపక్క మనం, అటుపక్క మెక్సికో. రెండు వైపుల ఊళ్ళూ తాగేది చాలావరకు నేలకింది నీళ్ళే. అవి ఒకే నీళ్ళు. చలికాలంలో రైతులు పంపులు ఆపేసిన వారాల్లో మేము ట్రక్కు వేసుకుని బావి బావికీ తిరిగి నీటిమట్టం కొలిచేవాళ్ళం. ఉక్కు టేపు చివర నీలం సుద్ద రాసి బోరులోకి వదిలితే, తడిసినంత మేర సుద్ద రంగు మారుతుంది. టేపు పైకి లాగి అది ఎక్కడిదాకా తడిసిందో చూసి రాసుకోవాలి. కుక్కలుంటాయి, పంపుషెడ్డు నీడలో పాములుంటాయి. ఈ పని నాకు నేర్పింది మా బాస్ వాల్టర్. అంతకంటే ఓపికగా నేర్పిన మనిషిని నేను చూడలేదు.

నేను చేరిన మొదటి వారంలో వాల్టర్ గోడమీది మ్యాపు చూపించాడు. మన వైపు ప్రతి బావీ ఒక చుక్క, మట్టి పొరలన్నీ రంగురంగుల గీతలు. నది దాటగానే తెల్లకాగితం. అటు ఏముంది అని అడిగితే "మన పరిధి కాదు" అన్నాడు.

నీటికి సరిహద్దులు తెలియవని సభల్లో అందరూ అంటారు. నేను ఆ మాట వాడను. బావి వేయించే ప్రతివాడికీ సరిహద్దు ఎక్కడుందో బాగా తెలుసు. నదిలో నీళ్ళు ఎవరికెంత అన్నదానికి రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది, లెక్క చూసుకునే అధికారులున్నారు. నేలకింది నీటికి ఏమీ లేదు. టెక్సాస్‌లో ఆ నీళ్ళు పైనున్న నేల యజమానివి. మెక్సికోలో దేశానివి. కాబట్టి ఎవరు ముందు తోడితే వాళ్ళకి. ఏటా కొలిచేవాళ్ళం, ఏటా మట్టం దిగేది. సహకారం అంటూ ఏదైనా ఉంటే అది ఈ ఆఫీసులో ఒక మనిషికీ ఆ ఆఫీసులో ఒక మనిషికీ మధ్య ఉండేది. ఆ ఇద్దరిలో ఒకరు బదిలీ అయితే సహకారం కూడా బదిలీ అయిపోయేది.

ఇగ్నాసియో

అటువైపు మనిషి ఇగ్నాసియో. నా ఈడువాడే. వాళ్ళ దేశంలో ఇంజనీర్లని పేరుతో కాకుండా హోదాతో పిలుస్తారు. అతను నన్ను "ఇన్హెనియెరా" అనేవాడు, నేను అతన్ని "ఇన్హెనియెరో" అనేదాన్ని. ఇన్నేళ్ళలో ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకున్నది లేదు.

మొదటిసారి ఒక సమావేశంలో కలిశాం. అక్కడ రెండు వైపుల పెద్దలూ పరస్పర గౌరవం గురించి ఉపన్యాసాలిచ్చారు, ఒక్క అంకె కూడా చెప్పుకోలేదు. టీ విరామంలో ఇగ్నాసియో నన్ను బయటికి పిలిచి, తన ట్రక్కు బానెట్ మీద ఒక అట్టపెట్టె పెట్టాడు. అందులో తన వైపు బావులన్నిటి కొలతలూ ఫోటోకాపీలు తీసి ఉన్నాయి. బదులు ఏమీ అడగలేదు. తెల్లకాగితం మీద మొదటి చుక్కలు అలా పడ్డాయి. తర్వాత ఏటా నేనూ మా కొలతలు పంపేదాన్ని. వాల్టర్‌కి తెలుసు. చూడనట్టు ఊరుకునేవాడు.

ఈ ఉద్యోగంలో నాకు దొరికిన అతిపెద్ద మర్యాద ఆ అట్టపెట్టె. దాన్ని నేను ఎలా నిలబెట్టుకున్నానో ఇక చెప్పాలి.

డ్రాఫ్టు

మా వైపు నది దగ్గర ప్రయోగానికి ఒక లోతైన బోరు వేశాం. పై పొరలో మంచినీళ్ళు తగ్గిపోతున్నాయి కదా, ఇంకా కిందికి వెళితే ఏముందో చూద్దామని. నీళ్ళు పుష్కలంగా పడ్డాయి. పరీక్ష ఫలితాలు వచ్చాక ఆ కాగితం నా చేతికే వచ్చింది. ఫ్లోరైడ్ తాగడానికి వీల్లేనంత ఉంది.

నేను నల్గొండ జిల్లాలో పుట్టాను. ఫ్లోరైడ్ అంటే ఏమిటో నాకు పుస్తకాలు చెప్పనక్కర్లేదు. మా మేనత్త నలభై ఏళ్ళకే నడుము వంగిపోయి, మనిషితో మాట్లాడాలంటే మెడ పక్కకి తిప్పి పైకి చూసేది. నా పళ్ళమీదా గోధుమరంగు చారలుండేవి. అమెరికా వచ్చాక డెంటిస్ట్ దగ్గర కప్పించుకున్నాను. నేను ఈ చదువు చదివిందే ఆ నీళ్ళ వల్ల.

రిపోర్టు రాసి వాల్టర్ బల్లమీద పెట్టాను. వారం తర్వాత మీటింగు. నగరం తరఫున ఒక లాయరు వచ్చాడు. మన నగరం పై పొరలో ఇంకా బావులు వేయాలనుకుంటోంది. కింది పొర పనికిరాదని అవతలివాళ్ళకి తెలిస్తే వాళ్ళూ పై పొరమీదే పడతారు. తెలియకపోతే లోతుకి వెళతారు. ఇంత నేరుగా అక్కడ ఎవరూ అనలేదు. ఈ సమాచారం ఇవ్వాలని మనకి చట్టప్రకారం ఏ బాధ్యతా లేదని మాత్రం లాయరు అన్నాడు. అది నిజమే.

అందరూ వెళ్ళాక వాల్టర్ నాతో, "ఇది డ్రాఫ్టు, సూ. డ్రాఫ్టులు వంతెన దాటవు" అన్నాడు. సుజాత అనడం అతనికి నోరు తిరిగేది కాదు.

ఆ నీళ్ళు అటు ఎవరైనా తాగితే ఎలా అని నేను అడగవలసింది. అడగలేదు. రిపోర్టు డ్రాయర్లో పెట్టాను.

తర్వాత నెలకి ఇగ్నాసియో ఫోన్ చేశాడు. లా నోరియా అని నది అవతల ఒక కొత్త కాలనీ, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళు. అక్కడి బావి ఎండిపోతోంది, లోతుగా కొత్త బోరు వేయబోతున్నాం అని చెప్పి, "మీ లోతు బోరులో నేను తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"రిపోర్టు ఇంకా రెడీ కాలేదు" అన్నాను.

"సరే, అయ్యాక పంపండి" అని పెట్టేశాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ సాయంత్రం మా ఆయనకి చెబితే ఆయనా అదే అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పలేదు కదా, సుజాతా. ఉద్యోగం పోతే మన గతేంటి?" చాలా ఏళ్ళు నేను ఈ కథ ఎవరికి చెప్పినా, అప్పుడు వీసా మీద ఉన్నాను, నోరెత్తితే దేశం వదిలి పోవాల్సి వచ్చేది అని చెప్పుకున్నాను. వినేవాళ్ళంతా మనవాళ్ళే కాబట్టి వెంటనే అర్థం చేసుకునేవాళ్ళు. అది నిజం కాదు. గ్రీన్‌కార్డు అప్పటికి ఏడాది క్రితమే వచ్చింది, నా పర్సులో ఉంది. నేను ఊరుకున్నది భయంతో కూడా కాదు. నన్ను మంచి ఉద్యోగి అనుకుంటున్నారు, ఆ పేరు పోగొట్టుకోబుద్ధి కాలేదు. అంతే.

లా నోరియా

బోరు వేశారు. వాళ్ళ ల్యాబ్ ఉప్పు చూసింది, సూక్ష్మజీవులు చూసింది, బాగుందని రాసింది. ఫ్లోరైడ్ పరీక్ష ఎవరైనా అడిగితేనే చేస్తారు. అడగడానికి అక్కడ ఎవరికీ కారణం కనిపించలేదు. ఆ కారణం నా డ్రాయర్లో ఉంది.

ఆరేళ్ళ తర్వాత రెండు ఆఫీసులూ కలిసి కొన్ని బావులు కొలవాలని పై నుంచి అనుమతి వచ్చింది. ఇగ్నాసియో ట్రక్కులో లా నోరియా వెళ్ళాం. ఇన్నేళ్ళూ నేను ఆ బావి గురించి అడగలేదు, అతను రిపోర్టు గురించి అడగలేదు. కాలనీ నీటి కమిటీకి పెద్ద ఎల్విరా అనే ఆవిడ. పగలు ఫ్యాక్టరీలో వైర్లు కడుతుంది, సాయంత్రాలు కాలనీ పనులు చూస్తుంది. ఆ రోజు మా కోసం సెలవు పెట్టింది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించి ఆ బోరు వేయించింది ఆవిడే. ఆ సంగతి గర్వంగా చెప్పింది. ఇప్పుడు కుళాయి ఒక్క రోజు కూడా ఆగడం లేదంది. వంటింట్లో కూర్చోబెట్టి మా ఇద్దరికీ గాజు గ్లాసుల్లో నీళ్ళిచ్చింది.

తాగాను. చల్లగా, రుచిగా ఉన్నాయి. ఫ్లోరైడ్‌కి రుచి ఉండదు.

అప్పుడు ఆవిడ కూతురు మరిసోల్ లోపలికి వచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయి. కొత్తగా వచ్చిన ముందుపళ్ళతో నన్ను చూసి నవ్వింది. పళ్ళమీద సున్నపు మచ్చలు, వాటి మధ్య గోధుమరంగు అడ్డచారలు. నా చిన్నప్పటి అద్దంలో చూసుకున్న పళ్ళు.

నేను అటే చూస్తుంటే ఎల్విరా, మిఠాయిలు ఎక్కువ తింటుందని డాక్టరు అన్నాడని చెప్పింది. కాలనీ పిల్లలందరికీ ఇంతేనట.

మర్యాదగా లేచి, బావి కొలిచి, బయలుదేరాం. కాలనీ దాటాక ఇగ్నాసియోకి ఆ రిపోర్టులో ఏముందో చెప్పాను. అతను ట్రక్కు పక్కకి ఆపాడు. దిగి కొంచెం దూరం నడిచి వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"నేను ఫోన్ చేసిన రోజు మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేవారా?"

"ఏమో" అన్నాను. ఇప్పటికీ నాకు తెలియదు.

అతను కేకలు వేయలేదు. ట్రక్కు వెనక్కి తిప్పాడు. ఆవిడకి మీరే చెప్పాలి అన్నాడు. నా స్పానిష్ చాలదన్నాను. చాలినంత ఉంది అన్నాడు.

ఎల్విరా నిలబడే వింది. పళ్ళు మళ్ళీ మామూలు అవుతాయా అని అడిగింది. కావని చెప్పాను. ఇంకేం పాడవుతుందని అడిగింది. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు అని చెప్పాను. ఇప్పుడు ఆపేస్తే చిన్నపిల్లలకి అంతదూరం రాకపోవచ్చు అన్నాను. మరిగించి తాగితే అని అడిగింది. మరిగిస్తే నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది అన్నాను. చంటిపిల్లలకి మరిగించే పట్టామని చెప్పింది. చివరికి ఎప్పటినుంచి తెలుసని అడిగింది. బోరు వేయకముందు నుంచే అన్నాను.

మేము తాగిన గ్లాసులు ఇంకా బల్లమీదే ఉన్నాయి. వాటిని తీసి సింకులో పెట్టింది.

"ఈ బావి కోసం ప్రతి ఇంటికీ నేనే వెళ్ళాను. ఇప్పుడు ప్రతి ఇంటికీ నేనే వెళ్ళి చెప్పాలి. మీరు వెళ్ళిపోతారు" అంది.

ఆ తర్వాత

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వెళ్ళి, రిపోర్టు మొత్తం స్కాన్ చేసి ఇగ్నాసియోకి పంపాను. పంపాక వాల్టర్‌కి చెప్పాను, మరిసోల్ పళ్ళ సంగతి కూడా. అతను తలుపు వేసి కూర్చున్నాడు. "నాకు చెప్పకుండా ఉండాల్సింది, సూ" అన్నాడు. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. సరిహద్దు పని నుంచి తప్పించి, అనుమతి పత్రాల విభాగంలో కుర్చీ చూపించారు.

శిక్ష పడింది ఇగ్నాసియోకి. బోరుకి అనుమతిచ్చిన కాగితం మీద అతని సంతకం ఉంది. ఫ్లోరైడ్ ఎందుకు పరీక్షించలేదని అతన్నే నిలదీశారు. కాలనీ వాళ్ళు అతని ఆఫీసు ముందు పిల్లల్ని నిలబెట్టి నోళ్ళు తెరిపించి చూపించారు. అవతలి ఇంజనీరుకి ముందే తెలుసని, తను అడిగినా చెప్పలేదని అతను ఒక్క మాట అంటే సగం భారం దిగేది. అనలేదు. తనే సరిగ్గా అడగలేదని అన్నాడట. ఉద్యోగం పోయింది. తర్వాత ఏదో పైపుల షాపులో పనిచేశాడు. నేను రాసిన రెండు ఉత్తరాలకి జవాబు రాలేదు. మూడోది రాయలేదు. అతను జవాబివ్వాలని ఆశించే హక్కు నాకు లేదనిపించింది. అతని కుర్చీలోకి వచ్చిన మనిషికి బయటివాళ్ళతో కొలతలు పంచుకోవద్దని రాతపూర్వకంగా ఉత్తర్వులిచ్చారు. మా వైపూ అదే ఉత్తర్వు వచ్చింది. మొత్తంమీద నేను నిజం చెప్పడం వల్ల సహకారం పెరగలేదు, ఉన్న కాస్తా పోయింది. ఆలస్యంగా చెప్పిన నిజం ఇలాగే పనిచేస్తుంది. అప్పటికి అది సమాచారం కాదు, నేరాంగీకారం అవుతుంది. నేరాంగీకారం వినగానే అందరూ తలుపులు వేసుకుంటారు.

వాల్టర్ చెడ్డవాడని అనుకోకండి. చెడ్డవాళ్ళతో పనిచేయడం కష్టం కాదు, జాగ్రత్తగా ఉంటాం. మనకి పని నేర్పిన మంచివాడు మృదువుగా ఒక తప్పు పని చెప్పినప్పుడే కాదనడం కష్టం. రిటైరయ్యే రోజు అతను నా గదికి వచ్చి, లా నోరియాలో ఆ పిల్ల ఎలా ఉందని అడిగాడు. తను ఎప్పుడూ చూడని పిల్ల. తెలియదన్నాను.

హాసినీ, నీకూ ఇలాంటి ఫోన్ వస్తుంది. ఆ క్షణంలో నీ నోటికి వచ్చే వాక్యం అబద్ధం అయి ఉండదు, అందుకే అది అంత సులువుగా వస్తుంది. రిపోర్టు రెడీ కాలేదు, అది మా పరిధి కాదు, పైవాళ్ళని అడగండి. ఇవన్నీ నిజాలే. అవతలి మనిషి ఆ మాటని ఏమని అర్థం చేసుకుంటాడో ఆలోచించు. ఇగ్నాసియో నా మాటని "భయపడాల్సింది లేదు" అని అర్థం చేసుకున్నాడు. నన్ను నమ్మాడు కాబట్టే అలా అర్థం చేసుకున్నాడు.

చివరిసారి

నేను రిటైరవడానికి కొన్ని వారాల ముందు, ఆఫీసు పని మీద కాకుండా సొంతంగా, వంతెన దాటి లా నోరియా వెళ్ళాను. ఫ్లోరైడ్ చూసే చిన్న కిట్ ఒకటి బ్యాగులో వేసుకున్నాను. బోరుకి తాళం వేసి ఉంది. తర్వాత దాని పక్కన బిగించిన నీటిశుద్ధి యంత్రం పాడై, దుమ్ముకొట్టుకుపోయి ఉంది. చాలా ఇళ్ళు ఖాళీ. రెండు వైపులా పై పొరలో మట్టం ఇంకా దిగిందని నాకు తెలుసు. ఎవరెంత దించారో ఒకరికొకరు చెప్పుకోరు.

ఎల్విరా మోకాళ్ళు వంగక మంచానికే పరిమితమైందట. నన్ను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. బయటికి వచ్చింది మరిసోల్. పెళ్ళయింది, నెలలు నిండుతున్నాయి. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నేనెవరో ఆమెకి తెలుసు. జరిగినదాని గురించి ఒక్క మాట అడగలేదు, నేను సిద్ధం చేసుకుని వెళ్ళిన క్షమాపణ వినే ఓపిక ఆమెకి లేదు. గుమ్మం పక్కనున్న నీలం డ్రమ్ము చూపించింది. వారానికోసారి ట్యాంకరు వచ్చి నింపి వెళుతుందట. ఆ నీళ్ళు ఎక్కడివో ఎవరూ చెప్పడం లేదట.

"ఇవి తాగచ్చా?" అని అడిగింది.

కిట్ తీసి, గాజు గొట్టంలో ఆ నీళ్ళు పోసి, మందు చుక్కలు వేశాను. మంచినీళ్ళయితే మందు ఎర్రగానే ఉంటుంది. ఫ్లోరైడ్ ఎంత ఉంటే ఎరుపు అంత వెలిసిపోతుంది. ఇద్దరం చూస్తుండగానే అది పసుపు పచ్చగా అయిపోయింది. ఆ ట్యాంకరు కూడా ఎక్కడో లోతు బోరు దగ్గరే నింపుకుంటోంది.

ఇది ల్యాబ్ పరీక్ష కాదు, పక్కాగా చెప్పాలంటే ఇంకా సమయం పడుతుంది అనే మాట అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చింది.

"తాగొద్దు. పుట్టబోయే బిడ్డకీ పట్టొద్దు" అన్నాను.

మరిసోల్ డ్రమ్ము వైపు చూసింది. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసింది.

"మరి ఏం తాగమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పాను.